తెరమీది హోమ్సు – తెరమరుగైన వాట్సను

అపరాధ పరిశోధకుడు అనగానే మన కన్నులకు కట్టు రూపమొకటి కలదు. బక్కపలుచని పొడగరి, డేగముక్కు, ముందు వెనుకల అంచులు గల వేటగాని టోపి, నోట వంపు తిరిగిన పైపు. షెర్లాక్ హోమ్సు కథ ఒక్కటియైన చదువని వారు సైతము ఈ బొమ్మను చూచిన తక్షణమే పేరు చెప్పగలరు. 2024వ సంవత్సరమున వెలువడిన తెలుగు చలనచిత్ర మొకటి 'శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్' అని పేరు పెట్టుకొన్నది. లండను వీధులలో పుట్టిన పేరు శ్రీకాకుళము వరకు నడచి వచ్చినదన్నమాట. 2012వ సంవత్సరమున గిన్నిసు రికార్డుల సంస్థవారు లెక్క వేసి, అప్పటికి చలనచిత్రములందును టెలివిజనునందును 254 పర్యాయములు హోమ్సు కనిపించెననియు, సాహిత్యములోని మానవ పాత్రలలో ఇన్ని మారులు తెరకెక్కినది మరియొకటి లేదనియు ప్రకటించిరి.

అయితే ఆ చిత్రములన్నింటను హోమ్సు ప్రక్కన మరియొక పెద్దమనిషి నిలుచుండి యుండును. ఆయన టోపి యెట్టిది? ముక్కు యెట్టిది? అడిగినచో చెప్పగలవారు అరుదు. ఆయనయే డాక్టరు వాట్సను. హోమ్సు పాత్రను ఎవరు బాగుగా నటించిరను వాదము ఏండ్ల తరబడి సాగుచున్నది. అది ఎవరి రుచి వారిది గనుక తెగునది కాదు. ఈ వ్యాసమున మేము వేరొక కొలబద్దను చేత బట్టితిమి. ఏ కాలపు చిత్రము వాట్సనును ఎట్లు చూచినది? ఈ ప్రశ్న వేసికొని పాత చిత్రములను వరుసగా చూచినచో, ఒక కథ పుస్తకము నుండి తెరమీదికి పోవునపుడు ఏమి పోగొట్టుకొనునో, తిరిగి ఏమి సంపాదించుకొనునో తేటపడునని మా విశ్వాసము.

ముందుగా మూలమును తలచుకొందము. ఆర్థర్ కానన్ డాయిలు 1859వ సంవత్సరమున ఎడింబరో నగరమున జన్మించెను. అచ్చటనే వైద్యవిద్య నభ్యసించెను. ఆయన గురువులలో జోసెఫ్ బెల్ అను వైద్యుడు, రోగి నోరు విప్పకమునుపే వాని నడకను, చేతులను, దుస్తులను చూచి వాని వృత్తిని చెప్పగల దిట్ట. ఆ గురువు పోలికతోనే హోమ్సు పుట్టెను. 1887లో తొలి నవల అచ్చయినది. 1927 వరకు నాలుగు నవలలు, 56 కథలు, మొత్తము 60 రచనలు వెలువడినవి. ఈ 60లో 56 వాట్సను నోట చెప్పబడినవే. రెండు కథలు మాత్రము హోమ్సే చెప్పెను. మరి రెండింటను కథకుడు వేరు.

ఈ వాట్సను ఎవరు? ఆయన సైనిక వైద్యుడు. ఆఫ్గన్ యుద్ధమున, 1880లో జరిగిన మైవాండు పోరాటమున గుండు దెబ్బ తిన్నవాడు. పెషావరు ఆసుపత్రిలో ఉండగా విషజ్వరము తగిలి చావు తప్పి బయటపడినవాడు. బంధువులు లేని లండను నగరమునకు చిక్కిన దేహముతో, చాలీచాలని భృతితో తిరిగివచ్చి, అద్దె పంచుకొను తోడు కొరకు వెదకుచు హోమ్సు గది చేరినవాడు. తెలివితక్కువవాడు కాదు, పిరికివాడు అంతకన్న కాదు. హోమ్సు అంతటి మేధావి ప్రక్కన నిలుచుండుటచే మాత్రమే సామాన్యునిగా కనిపించినవాడు.

సామాన్యుడైన ఈ మనుష్యుని చేతికి డాయిలు కలము నేల ఇచ్చెను? 1891లో స్ట్రాండు పత్రికలో అచ్చయిన మొదటి చిన్నకథలోనే దీనికి సమాధానము కలదు. తన గదికి దారితీయు మెట్లు ఎన్ని యని హోమ్సు అడుగును. వాట్సను ఆ మెట్లను కొన్ని వందల మారులు ఎక్కినవాడే. కాని లెక్క తెలియదు. అవి పదునేడని హోమ్సునకు తెలియును. ఇరువురును చూచినవారే, ఒకడు గమనించెను, ఒకడు గమనింపలేదు. పాఠకుడు ఇచ్చట వాట్సను ప్రక్కన నిలుచును. మన ఇంటి మెట్లు ఎన్నియో మనకును తెలియవు గదా! వాట్సను చూచినదంతయు మనకు చెప్పును, ఏమియు దాచడు. దాని అర్థము మాత్రము ఆయనకును తెలియదు, మనకును తెలియదు. రహస్యము విడివడినపుడు మనకు కలుగు ఆనందమంతయు ఈ నిజాయితీ మీద ఆధారపడి యున్నది.

ఈ సంగతి హోమ్సునకే ఆలస్యముగా తెలిసివచ్చెను. 1926లో వెలువడిన ఒక కథలో డాయిలు చమత్కారముగా హోమ్సు చేతనే కథ వ్రాయించెను. అంతవరకు వాట్సను వ్రాతలను ఉపన్యాసములు లేని కట్టుకథలని ఎత్తిపొడుచుచు వచ్చిన ఆ మహామేధావి, కలము చేత బట్టిన పిమ్మట, పాఠకునకు రుచించునట్లు చెప్పక తప్పదని ఒప్పుకొనవలసివచ్చెను. 1924లో వెలువడిన మరియొక కథలో దుండగుని తుపాకి గుండు వాట్సను కాలికి తగులును. ఆ క్షణమున హోమ్సు పెదవులు వణకుట వాట్సను చూచును. అన్నాళ్ల స్నేహమున తనకు తెలియని ప్రేమ అప్పుడు బయటపడినదని మనకు చెప్పును. చెప్పు నోరు వాట్సనుది కాకపోయినచో ఆ ఘట్టమునకు అంతటి బలము రాదు.

ఇక తెర సంగతి చూతము. తెరకు కథకునితో పనిలేదు, కెమెరాయే కన్ను. పుస్తకములో వాట్సను కూర్చుండు చోటున తెరమీద కెమెరా కూర్చుండును. చెప్పుటకు ఏమియు మిగులని కథకుడు ఏమి చేయవలయును? నూరేండ్లకు పైబడిన హోమ్సు చలనచిత్ర చరిత్రయంతయు ఈ చిక్కు చుట్టును తిరిగినదే.

మొట్టమొదటి హోమ్సు చిత్రము 1900 ప్రాంతమున అమెరికాలో తీయబడినది. దాని నిడివి నిమిషమైన లేదు. గదిలో దొంగ ప్రత్యక్షమగును, మాయమగును, హోమ్సు తెల్లబోవును. అంతే కథ. అందు వాట్సను లేనే లేడు.

తరువాతివాడు విలియం జిల్లెట్టు. 1899లో ఆయన హోమ్సును నాటకరంగము మీదికి తెచ్చెను. తన నాటకములో హోమ్సునకు పెండ్లి చేయవచ్చునా అని ఆయన తంతి మూలమున అడుగగా, పెండ్లి చేసినను చంపివేసినను తనకు అభ్యంతరము లేదని డాయిలు జవాబిచ్చెనట! వేటగాని టోపిని స్ట్రాండు పత్రిక చిత్రకారుడు సిడ్నీ పాగెటు గీసెను. వంపు పైపును జిల్లెట్టు పట్టెను. మన కన్నులకు కట్టిన బొమ్మ ఈ ఇరువురి చలువయే. జిల్లెట్టు నటించిన మూకీ చిత్రము 1916లో వచ్చి, తరువాత జాడ లేక పోయినది. దాదాపు నూరేండ్లకు, 2014లో, పారిసునందలి చలనచిత్ర భాండాగారమున అది దొరకినది. అయితే అందును వాట్సనునకు దక్కిన చోటు స్వల్పమే. మాటలు లేని తెరమీద, మాటయే ఆయుధముగా గలవాడు ఏమి చేయగలడు?

ఇంగ్లండున 1921 నుండి 1923 వరకు స్టోలు సంస్థవారు ఏలీ నార్వుడు ప్రధాన నటుడుగా 45 లఘుచిత్రములను, రెండు పెద్ద చిత్రములను నిర్మించిరి. డాయిలు నార్వుడును మెచ్చుకొనెను. కాని ఒక కొరత పట్టెను: తన హోమ్సు కలలోనైన ఎరుగని టెలిఫోనులు, మోటారు కార్లు ఆ చిత్రములలో కనిపించుచున్నవని. కథను దాని కాలముననే ఉంచవలయునా, ప్రేక్షకుల కాలమునకు తీసికొని రావచ్చునా అను తగవు ఆ విధముగా మూలకర్త జీవించి యుండగనే మొదలైనది. పెండ్లికి అభ్యంతరము చెప్పని తండ్రి టెలిఫోనునకు చెప్పెను!

1939లో బాసిల్ రాత్‌బోను హోమ్సుగా, నైజిల్ బ్రూసు వాట్సనుగా 'బాస్కర్‌విల్లు వేటకుక్క' చిత్రము వచ్చినది. 1946లోపున ఆ జంట 14 చిత్రములలో నటించెను. మొదటి రెండును పాత కాలమునందే నడచినవి. 1942 నుండి వచ్చిన పండ్రెండును ఆనాటి యుద్ధకాలపు ప్రపంచములో నడచినవి. హోమ్సు నాజీ గూఢచారులను వెంటాడెను. రాత్‌బోను రూపము పాగెటు బొమ్మకు ప్రాణము పోసినట్లుండెను. మరి వాట్సను? బ్రూసు చేతిలో ఆయన గొణుగుచు, తడబడుచు, అడుగడుగున పొరపడుచు నవ్వించు ముసలివాడయ్యెను.

బ్రూసును మేము నిందించుట లేదు. ఆయన చక్కని నటుడు. ఆ వాట్సనును ప్రేమింపని ప్రేక్షకుడు లేడు. తప్పు తెర స్వభావమున నున్నది. బూడిదను, పాదముద్రను కెమెరా మనకు ముందే చూపివేయును. మనము చూచిన దానిని గురించి ఇంకను "ఇది యేమి?" అని అడుగువాడు మందమతిగా కనిపించును. పుస్తకములో మనతో సమానుడైనవాడు తెరమీద మనకంటె వెనుకబడెను. వెనుకబడినవానిని నవ్వులపాలు చేయుట సులభోపాయము. విచారింపదగిన సంగతి యేమన, బ్రూసు మొదటి ప్రపంచ యుద్ధమున కాలికి గుండ్లు తగిలిన సైనికుడు. గాయపడిన సైనికుని పాత్ర గాయపడిన సైనికునికే వచ్చెను. అందు గాయము మాత్రము మరుగుపడి, నవ్వు మిగిలెను.

'వేటకుక్క' నవల ఈ విషయమున మంచి పరీక్ష. అందు 15 అధ్యాయములు కలవు. వానిలో దాదాపు ఆరు అధ్యాయముల పాటు హోమ్సు మనకు కనబడడు. బీడుభూముల నడుమ, శాపగ్రస్తమని పేరుపడిన భవనమున వాట్సను ఒంటరిగా ఉండి, వారసుని కాపాడుచు, చూచినదెల్ల లేఖలుగా వ్రాసి పంపును. భయము ఆయనది, ధైర్యము ఆయనది, కథ ఆయనది. టిక్కెట్టు కొని హోమ్సును చూడవచ్చిన ప్రేక్షకునకు అంతసేపు హోమ్సును చూపకుండుట ఏ నిర్మాతకు సాధ్యము? కనుక ఈ నవలను తీసిన ప్రతివారును వాట్సను భాగమును కుదించుటయో, హోమ్సును ముందుగా రప్పించుటయో చేయవలసివచ్చెను. మన దేశమున 1951లో వచ్చిన వంగచిత్రము 'జిఘాంస', 1962లో వచ్చిన హిందీ చిత్రము 'బీస్ సాల్ బాద్' ఈ నవలకు ఋణపడినవే. అందు హోమ్సు, వాట్సను అను పేర్లే లేవు. శాపము సోకిన వంశము, రాత్రివేళ వినవచ్చు గానము, భయము మాత్రము మిగిలినవి.

వాట్సనునకు పోయిన గౌరవము మెల్లమెల్లగా తిరిగి వచ్చినది. 1959లో హామరు సంస్థవారు పీటర్ కుషింగు హోమ్సుగా ఇదే నవలను తీసిరి. రంగులలో వచ్చిన తొలి హోమ్సు చిత్రమిదియే. అందు వాట్సనుగా నటించిన ఆండ్రే మొరెలు నిబ్బరము గల పెద్దమనిషివలె కనిపించెను. 1979 నుండి 1986 వరకు సోవియట్ దేశమున దర్శకుడు ఈగర్ మాస్లెన్నికొవు టెలివిజను కొరకు హోమ్సు చిత్రములను తీసెను. లండను వీధికి బదులు రీగా నగర వీధిని చూపిరి. వసీలి లివానొవు హోమ్సు. వితాలీ సలోమిను వాట్సను. తొలి చిత్రమున వాట్సను తన గది తోటివానిని నేరగాడేమో యని శంకించి తానే పరిశోధన సాగించును. చూచువారు నవ్వుదురు; కాని వాట్సను తెలివి లేనివాడని కాదు, తెలివి గలవాడు తప్పుదారి పట్టెనని నవ్వుదురు. ఈ రెండు నవ్వులకు చాల భేదము కలదు. ఆంగ్లేయులు సైతము లివానొవునకు 2006లో తమ గౌరవ పురస్కార మిచ్చిరి.

1984 నుండి 1994 వరకు ఇంగ్లండున గ్రనడా టెలివిజనువారు జెరిమీ బ్రెటు హోమ్సుగా 41 భాగములు నిర్మించిరి. మూలమునకు కట్టుబడుటయే వారి వ్రతము. పాగెటు గీసిన బొమ్మలను చూచి కొన్ని దృశ్యములను అట్లే అమర్చిరి. వాట్సనుగా మొదట డేవిడ్ బర్కు, తరువాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్కు నటించిరి. వీరి వాట్సను మాటలాడుట తక్కువ. హోమ్సును చూచుట ఎక్కువ. కెమెరా అప్పుడప్పుడు హోమ్సును విడిచి, హోమ్సును చూచుచున్న వాట్సను ముఖము మీద నిలుచును. కథకుని నోటిని తెర లాగికొన్నది గాని, ఆ ముఖము మూలమున కొంత తిరిగి ఇచ్చినది. 1988లో వచ్చిన ఒక హాస్యచిత్రము పాత అన్యాయమునకు వేళాకోళముగా ప్రతీకారము తీర్చుకొన్నది. అందు అసలు మేధావి వాట్సనే. హోమ్సు ఆయన కూలికి తెచ్చుకొన్న తాగుబోతు నటుడు!

2010 నుండి 2017 వరకు బి.బి.సి. వారు బెనెడిక్ట్ కంబర్‌బాచి, మార్టిన్ ఫ్రీమను జంటగా హోమ్సును ఇరువది యొకటవ శతాబ్దమునకు తెచ్చిరి. డాయిలు విసిగికొన్న టెలిఫోను ఇచ్చట జేబులోనికి వచ్చినది. అయినను ఒక సంగతి మార్పనక్కర లేకపోయెను. 1880నాటి వాట్సను ఆఫ్గన్ యుద్ధమున గాయపడి తిరిగివచ్చినట్లే, నూట ముప్పది యేండ్ల పిమ్మట ఈ వాట్సనును ఆఫ్గనిస్తాను నుండియే తిరిగివచ్చెను. కాలము మారినను యుద్ధభూమి మారకపోవుట చరిత్ర చేసిన విషాదపు చమత్కారము. ఈ వాట్సను తన అనుభవములను అంతర్జాలమున వ్రాయును. లోకమునకు హోమ్సును ఎరుకపరచినది ఆ వ్రాతలే. 2012 నుండి 2019 వరకు అమెరికాలో సాగిన 154 భాగముల ధారావాహికలో వాట్సను స్త్రీ. లూసీ లియూ ఆ పాత్రధారిణి. శస్త్రవైద్యము మానుకొన్న ఆమె, మత్తుమందుల నుండి కోలుకొనుచున్న హోమ్సునకు కావలిగా వచ్చి, కడకు తానును పరిశోధకురాలగును. పేరు మారినది, రూపము మారినది. కాని బ్రూసు వాట్సనుకంటె ఈమెయే డాయిలు వాట్సనునకు దగ్గరి చుట్టమని మాకు తోచుచున్నది. ఏలయన, ఈమె సాక్ష్యమునకు విలువ కలదు.

రేడియో గల గృహములవారికి ఇచ్చట ఒక మాట విన్నవింపవలసి యున్నది. డాయిలు 1930 జూలైలో మరణించెను. అదే యేడు అక్టోబరున అమెరికా రేడియోలో హోమ్సు నాటకములు మొదలైనవి. తొలి నాటకమున హోమ్సు గొంతు వృద్ధుడైన జిల్లెట్టుదే. ఆ నాటకములకు అనుసరణ వ్రాసిన ఈడిత్ మైజరు వాట్సనును తిరిగి కథకుని పీఠముపై కూర్చుండబెట్టెను. చలిమంట ప్రక్కన కూర్చుండి ఆయన పాత ముచ్చట ఎత్తికొనును, కథ నడచును. 1939 నుండి రాత్‌బోను, బ్రూసు రేడియోలోను నటించిరి. తెరమీద తికమకపడిన ఆ బ్రూసే రేడియోలో ప్రకటనకర్తకు కథ చెప్పు పెద్దదిక్కయ్యెను. నటుడొక్కడే, గొంతొక్కటే, సాధనము మారినంతనే పోయిన పదవి తిరిగి దక్కినది! బి.బి.సి. రేడియోలో కార్ల్‌టన్ హాబ్సు, నార్మన్ షెల్లీ జంట 1952 నుండి 1969 వరకు శ్రోతలను అలరించినది. 1989 నుండి 1998 వరకు క్లైవ్ మెరిసను, మైకేల్ విలియమ్సు జంటగా 60 రచనలను ఒక్కటియు విడువక ప్రసారము చేసిరి. హోమ్సు కథల నన్నింటిని నటించిన తొలి నటుడు మెరిసనే.

కన్ను లేని చోట చూచి చెప్పువాడు కావలయును. అందువలననే రేడియోకు వాట్సను అవసరము. వాట్సనునకు రేడియో పుట్టినిల్లు.

ఇంత మాత్రమున తెర చేసినదంతయు నష్టమే అనుట ధర్మము కాదు. బీడుభూమి మీద పొగమంచు కదలివచ్చుట, బ్రెటు కన్నులలో మెరుపు తటాలున ఆరిపోవుట గొంతుకతో చెప్ప శక్యమా? టెలిఫోనులు, మోటారు కార్లు వచ్చినంత మాత్రమున హోమ్సు చెడలేదని 2010నాటి బి.బి.సి. చిత్రములు నిరూపించినవి. చెడునది వేరు. మేధావిని గొప్పవాని జేయుటకు వాని ప్రక్కవానిని మూఢుని జేసినపుడు కథ చెడును. మూఢుని మెప్పించిన గొప్ప ఏమి గొప్ప? ఆలోచన గలవాడు, అనుభవము గలవాడు, చావును దగ్గరగా చూచి వచ్చినవాడు ఆశ్చర్యపడినప్పుడే కదా ఆ మేధకు విలువ!

కాబట్టి ఇకమీదట మీ ఇంట హోమ్సు చిత్రము ఏది చూచినను, మొదటి పది నిమిషములు హోమ్సును విడిచి వాట్సనును చూడుడని మా మనవి. ఆయన నిలుచుండుట, వినుట, అడుగుట గమనింపుడు. ఆయన మాటకు ఆ చిత్రమున విలువ ఉన్నదా లేదా అన్నది వెంటనే తెలియును. మన ఇండ్లలోను, ఊళ్లలోను ఘనకార్యములు చేయువారు ఒకరిద్దరుందురు. చూచి, గుర్తుంచుకొని, ఉన్నదున్నట్లు చెప్పువారు మరియొకరుందురు. మొదటివారి పేరు నిలుచుట రెండవవారి వలననే. పదునేడు మెట్లను లెక్కించినవాడు హోమ్సు. ఆ సంగతి మనవరకు తెచ్చినవాడు వాట్సను.